62 ఏళ్ల వయసు, 25 ఏళ్ల ప్యానెల్: రిటైర్మెంట్ సొమ్మును డాబా ఎక్కిస్తే లెక్క ఎక్కడ తేలుతుంది?

క్లుప్తంగా: రిటైర్మెంట్ డబ్బులో కొంత డాబా మీది సోలార్‌కు పెట్టాలా, అంతా వడ్డీకే వేసుకోవాలా అన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు లేదు. నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంట్లో 3 కిలోవాట్లు బాగా గిట్టుబాటవుతాయి. 200 యూనిట్ల ఇంట్లో రెండో కిలోవాట్ దగ్గరే లెక్క తిరగబడుతుంది. నెట్ మీటర్ (గ్రిడ్‌కు పంపిన కరెంటును వాడకంలోంచి తీసేసే మీటర్) ఉన్న ఇంట్లో బ్యాటరీ పెట్టుబడి కాదు, సౌకర్యం కోసం పెట్టే ఖర్చు. పైగా ఇక్కడ అరిగేవి మూడు: రూపాయి విలువ, ప్యానెల్, బ్యాటరీ. మూడింటి అరుగుదలా మూడు రకాలు.

రెండు సలహాలు, ఒకే సొమ్ము

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2022 జనవరిలో 62కు పెరిగింది. గ్రాట్యుటీ, నిల్వ ఉన్న సెలవుల సొమ్ము చేతికందిన నెలలోనే గుంటూరు బ్రాడీపేటలోనైనా, విజయవాడ సత్యనారాయణపురంలోనైనా ఇంటికి రెండు సలహాలు నడిచివస్తాయి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేసి మూణ్ణెల్లకోసారి వడ్డీ తీసుకోమనేది మొదటిది. పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఉండగానే డాబా మీద ప్యానెళ్లు పెట్టించమనేది రెండోది. "ఇక్కడ ఎనిమిది శాతం, అక్కడ పాతిక శాతం" అన్న పోలిక కూడా వెంటే వస్తుంది.

తికమక అంతా ఆ పోలికలోనే ఉంది. సీనియర్ సిటిజన్ స్కీములో 8.2 శాతం వడ్డీ కాక అయిదేళ్లకు అసలు చేతికి తిరిగొస్తుంది. సోలార్‌లో ఏటా మిగిలే సొమ్ములో అసలు కూడా కొంచెం కొంచెంగా కరిగి కలిసి ఉంటుంది, చివర్లో తిరిగొచ్చేది ఏమీ ఉండదు. రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టడమంటే గేదె పాల రాబడినీ, గేదెను అమ్మగా వచ్చిన డబ్బునూ ఒకే పద్దులో రాయడమే.

మిర్చి యార్డు లెక్కే ఇక్కడా

రేపొచ్చే రూపాయిని ఇవాళ్టి రూపాయితో పోల్చాలంటే వడ్డీ మేర తగ్గించాలి. ఆర్థికశాస్త్రం దీన్ని డిస్కౌంటింగ్ అంటుంది. గుంటూరు మిర్చి రైతుకు ఇది పుస్తకం అవసరం లేని విషయం. సరుకు ఇవాళే యార్డులో అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆర్నెల్లు ఆగాలా అన్నప్పుడు అద్దె, అప్పు వడ్డీ, రంగు దిగడం, తూకం తగ్గడం అన్నీ తీసేసే చూస్తాడు. ప్యానెల్ కొనేవాళ్లలో ఎక్కువమంది ఆ లెక్క వేయకపోవడమే వింత.

తెలియకుండా మనసులో వేసుకునే వడ్డీ మాత్రం మామూలుది కాదు. 1979లో జెర్రీ హాస్‌మన్ అనే ఆర్థికవేత్త అమెరికాలో జనం ఏసీలు కొనే తీరును పరిశీలించారు. కరెంటు తక్కువ తాగే ఖరీదైన ఏసీని వదిలి, కరెంటు ఎక్కువ తాగే చౌక ఏసీని కొన్నవారు తమకు తెలియకుండానే సుమారు 20 శాతం వడ్డీని లెక్కలోకి తీసుకుంటున్నట్టు తేల్చారు. మన భాషలో ఇది నూటికి నెలకు రూపాయి అరవై ఏడు పైసలు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లలో ఆ రేటు ఇంకా ఎక్కువగా కనిపించింది. అది మూర్ఖత్వం కాదు. చేతిలో నగదు లేని మనిషికి ఇవాళ్టి రూపాయి నిజంగానే ఖరీదు.

తీర్పు చెప్పేది స్లాబు

సబ్సిడీ ఇలా ఉంది: మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడోదానికి 18,000. ఆపైన ఎంత పెట్టినా మొత్తం 78,000 దాటదు. దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే ఇది వర్తిస్తుంది. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయనుకుంటే నెలకు 122. ఉదాహరణ కోసం కిలోవాట్ ఖర్చు 65,000 అనుకుందాం. అసలు ధర ప్యానెల్, స్టాండు ఎత్తు, వైరు దూరాన్ని బట్టి మారుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో వచ్చిన గృహ వినియోగ స్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. సోలార్ యూనిట్ బిల్లులో పై స్లాబునే ముందు కోస్తుంది. కాబట్టి మొదటి కిలోవాట్ ఖరీదైన యూనిట్లను తీసేస్తే, చివరి కిలోవాట్‌కు చవక యూనిట్లే మిగులుతాయి. అసలు కిటుకు ఇదే.

నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు కలపకుండా బిల్లు 2,548 రూపాయలు. మొదటి కిలోవాట్ నెలకు 1,067 రూపాయలు ఆదా చేస్తుంది. రెండోది 878, మూడోది 534. మొత్తం నెలకు 2,479, ఏడాదికి 29,750. సబ్సిడీ పోను పెట్టుబడి 1,17,000.

200 యూనిట్ల ఇంటికి బిల్లే 867 రూపాయలు. మొదటి కిలోవాట్ అందులో 661 తీసేస్తుంది. రెండో కిలోవాట్‌కు మిగిలేది 206 రూపాయలే, అంటే ఏడాదికి 2,470. సబ్సిడీ పోను దాని ఖరీదు 35,000. ఏటా 7 శాతం వస్తుంది, అసలు తిరిగి రాదు. పోస్టాఫీసు వడ్డీ దీనికన్నా నయం. "ఎలాగూ సబ్సిడీ ఉంది, రెండు పెట్టించండి" అనే మాట వినగానే పన్నెండు నెలల బిల్లులు ముందు వేసుకుని కూర్చోవాల్సింది ఇందుకే. మే నెల బిల్లు ఒక్కటే చూపించి సైజు తేల్చడం వ్యాపారుల అలవాటు. ఏసీ ఆడే నెల అది, ఏడాది సగటు కాదు.

3 కిలోవాట్ల ఇంటి లెక్కను చివరిదాకా లాగుదాం. ఇరవై ఏళ్లు పనిచేస్తుందని, ఏటా అర శాతం ఉత్పత్తి తగ్గుతుందని, కడగడానికి ఏటా 2,000, పన్నెండో ఏట ఇన్వర్టర్ మార్చడానికి 30,000 అవుతుందని అనుకుందాం. 8.2 శాతంతో డిస్కౌంట్ చేస్తే ఇవాళ్టి విలువ సుమారు 2.47 లక్షలు. పెట్టిన దానికి రెట్టింపు పైనే. హాస్‌మన్ చెప్పిన 20 శాతం వేసినా 1.29 లక్షలు వస్తుంది, అంటే గట్టెక్కుతుంది. 24 శాతం, అంటే రెండు రూపాయల వడ్డీ వేస్తే 1.09 లక్షలకు పడిపోయి పెట్టుబడి మునుగుతుంది. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంట్లో ఉండగా రిటైర్మెంట్ సొమ్ముతో ప్యానెళ్లు కొనడం తప్పుడు వరస అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక్కడ రెండు విషయాలు సోలార్ వైపు మొగ్గుతాయి. పోస్టాఫీసు వడ్డీ ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది, ఆదా అయిన కరెంటు బిల్లుకు పన్ను లేదు. యూనిట్ ధర పెరిగితే ఆదా కూడా పెరుగుతుంది. వడ్డీ మాత్రం అలా పెరగదు. స్కీములో గరిష్ఠంగా వేయగలిగే 30 లక్షలకు మూణ్ణెల్లకు 61,500, నెలకు 20,500 వస్తుంది. ధరలు ఏటా 5 శాతం పెరిగితే ఇరవై ఏళ్ల తర్వాత ఆ 20,500తో కొనగలిగేది ఇవాళ్టి 7,700 రూపాయల సరుకు.

ఈ తేడా అందరికీ ఒకేలా తగలదు. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరి పాత పెన్షన్ తీసుకునేవారికి డీఆర్ (ధరలను బట్టి ఇచ్చే కరువు భత్యం) పెరుగుతూ ఉంటుంది కాబట్టి ధరల దెబ్బకు అడ్డు ముందే ఉంది. ఆ తర్వాత చేరిన సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీము) ఉద్యోగి చేతికొచ్చే యాన్యుటీ, అంటే ఒకేసారి కట్టిన సొమ్ముకు బతికినంత కాలం నెలనెలా వచ్చే మొత్తం, సాధారణంగా మొదటి నెల ఎంతో చివరి నెలా అంతే. బిల్లు పెరుగుదలను ఆపే ప్యానెల్ విలువ ఈ రెండో ఇంటికే ఎక్కువ.

అద్దం కింద జరిగేది

"25 ఏళ్ల వారంటీ" అన్న ప్యానెల్‌ను ఎవరూ 25 ఏళ్లు ఎండలో పెట్టి చూశాక అమ్మరు. ఐఈసీ 61215 అనే అంతర్జాతీయ ప్రమాణం కింద చేసే ఒక పరీక్షలో ప్యానెల్‌ను 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచుతారు. వేడి పెరిగేకొద్దీ రసాయన చర్యల వేగం హెచ్చుతుందన్న అర్రీనియస్ సూత్రాన్ని నమ్ముకుని కొద్ది వారాల్లో ఏళ్ల అరుగుదలను అంచనా కడతారు.

ప్యానెల్‌లో సిలికాన్ సెల్ దాదాపు మొండిది, అంత తేలిగ్గా చెడదు. చెడేది దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్. సెల్‌ను అద్దానికి అతికించే ఈవీఏ పొర వేడికీ తేమకూ విడిపోయి ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్‌లో ఉండేదాన్నే, విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం సెల్ మీది సన్నని వెండి గీతలను, టంకాన్ని తినేస్తుంది. కృష్ణా డెల్టాలో వేడికి తేమ తోడవుతుంది కాబట్టి ఈ చర్యకు అనువైన చోటు. ఈవీఏ బదులు పీఓఈ పొర వాడిన ప్యానెళ్లలో ఎసిటిక్ ఆమ్లం పుట్టదు. కొటేషన్‌లో వాట్లతో పాటు ఏ పొర వాడారన్నది, వెనక అద్దమా ప్లాస్టిక్ షీటా అన్నది రాయించుకోవడం తెలివైన పని.

వారంటీ కాగితం కూడా రెండు ముక్కలు. తయారీ లోపాలకు ఇచ్చే గ్యారంటీ వేరు, ఉత్పత్తి ఇంత శాతం కన్నా తగ్గదు అని ఇచ్చే గ్యారంటీ వేరు. మొదటిదానికి గడువు తరచూ తక్కువగా ఉంటుంది. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది రెండోది.

వేడి వల్ల రోజువారీ నష్టం కూడా ఉంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. ఆపైన ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. రెంటచింతల ఎండను తిట్టుకునే ఈ ప్రాంతంలో మే మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలు చేరితే పడిపోయేది 12 నుంచి 16 శాతం. అందుకే ఎండలు మండే మే కన్నా, ఆకాశం తేటగా ఉండి గాలి చల్లగా ఉండే రోజుల్లో మధ్యాహ్నపు పీక్ ఎక్కువగా కనిపించవచ్చు. డాబాకు ఆనించకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో బిగించడం అందుకే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మాత్రం రసాయనం కాదు, డాబా మీది నీళ్ల ట్యాంకు. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ వరసగా గొలుసులా కలిపి ఉంటాయి. ఒక మూలన నీడ పడితే ఆ సెల్ కరెంటును అడ్డుకుంటుంది. మామూలు ప్యానెల్‌లో మూడు బైపాస్ డయోడ్లుంటాయి కాబట్టి మూడో వంతు పక్కకు తప్పుకుంటుంది, లేకుంటే మొత్తం ఆగేది. ఉదయం 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 3 గంటలకు ట్యాంకు నీడ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీసి చూస్తే చాలు. అదీ డిసెంబరులో చూడాలి. అప్పుడే సూర్యుడు దక్షిణానికి బాగా వంగి నీడలు సాగుతాయి.

బ్యాటరీ: రెండు రసాయనాలు, రెండు చావులు

ఒక అపోహ ముందు తేల్చాలి. బ్యాటరీ లేని గ్రిడ్ సోలార్ ఉన్న ఇంట్లో కరెంటు పోతే, పట్టపగలు ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగదు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు ఇంటి నుంచి వెళ్లే కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. సోలార్ పెట్టిన తర్వాత వచ్చే మొదటి ఫిర్యాదు చాలాచోట్ల ఇదే.

అందుకని బ్యాటరీ కలపాలా? నెట్ మీటరింగ్‌లో పగలు గ్రిడ్‌కు పోయిన యూనిట్లు రాత్రి వాడకంలో తీసివేతకు వస్తాయి. అంటే గ్రిడ్డే ఉచిత బ్యాటరీ. సొంత బ్యాటరీలో దాచుకుంటే ఆదా పెరగదు సరికదా, ఎక్కించడంలో దించడంలో కొంత కరెంటు వృథా అవుతుంది. కాబట్టి బ్యాటరీకి పెట్టిన సొమ్ముకు రాబడి సున్నా కన్నా తక్కువ. దాన్ని బీమా ప్రీమియం లాగా చూడాలి.

ఇళ్లలో ఎక్కువగా ఉండేది లెడ్ యాసిడ్ ట్యూబులర్. 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సూత్రమే. కరెంటు తీసేకొద్దీ రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, చార్జి చేస్తే కరుగుతుంది. పూర్తిగా చార్జి కాకుండా రోజుల తరబడి వదిలేస్తే సన్నని సల్ఫేట్ పలుకులు కలిసి పెద్ద స్ఫటికాలవుతాయి. అవి మళ్లీ కరగవు. ఊరెళ్లేటప్పుడు మెయిన్ ఆపేసి, సగం దిగిన బ్యాటరీని నెలరోజులు అలాగే వదిలేసే ఇళ్లలో రెండేళ్లకే "బ్యాటరీ పోయింది" అనడానికి కారణం ఇది. పూర్తి చార్జిలో ఆమ్లం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.24 దగ్గర చూపాలి. బ్యాటరీలో ఒక్క గది (సెల్) మాత్రం తక్కువ చూపుతుంటే ఆ గదికి రోజులు దగ్గరపడ్డాయని అర్థం. డిస్టిల్డ్ వాటర్ బదులు బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు, ఇనుము బ్యాటరీ తనంతట తాను దిగిపోయేలా చేస్తాయి. వేడికి ఇది బొత్తిగా ఓర్వలేదు. పరిసరాల ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడుతుంది. మెట్ల కింద చీకటి మూలలో, గాలి ఆడని చెక్క పెట్టెలో బిగించడం దాన్ని తొందరగా సాగనంపడమే.

రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. జాన్ గుడెనఫ్ బృందం 1997లో ఈ పదార్థాన్ని వెలుగులోకి తెచ్చింది. లిథియం బ్యాటరీల కృషికి ఆయనకు 2019లో రసాయన నోబెల్‌లో వాటా దక్కింది. ఇందులో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది కాబట్టి వేడెక్కినా తేలిగ్గా బయటపడదు. మిగతా లిథియం రకాల కన్నా మంటల భయం తక్కువ ఉండేది అందుకే. దీని చావు వేరే రకం. లోపలి గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద ఒక సన్నని పొర పెరుగుతూ లిథియాన్ని తనలో కట్టేసుకుంటుంది. వాడినా వాడకపోయినా ఇది నడుస్తూనే ఉంటుంది. నిండుగా చార్జి అయి వేడిలో కూర్చున్న బ్యాటరీలో ఇంకా వేగంగా నడుస్తుంది. సగం దిగి ఉండటం లెడ్‌కు శత్రువైతే, లిథియానికి మాత్రం హాయి. పాత అలవాటుతో కొత్త బ్యాటరీని చూసుకోవడం కుదరదు.

ఇంటి అవసరానికి వస్తే: 150 ఆంపియర్-అవర్ల 12 వోల్టుల ట్యూబులర్‌లో 1.8 యూనిట్లు ఉంటాయి, నిక్షేపంగా వాడగలిగేది సగమే, 0.9. 51.2 వోల్టుల 100 ఆంపియర్-అవర్ల లిథియంలో 5.12 ఉంటే అందులో 4.1 దాకా వాడవచ్చు. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లకు ట్యూబులర్ చాలు. ఇంట్లో పెద్దవాళ్లకు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ నడుస్తుంటే కథ వేరు. 350 వాట్లు తాగే యంత్రానికి ట్యూబులర్ రెండున్నర గంటలకు మించి కష్టమే, లిథియం పది గంటలు నడుపుతుంది. అలాంటి ఇంట్లో రాబడి లెక్కలు పక్కన పెట్టాలి.

ఏదైనా సరే నేల మీద పెట్టకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఇన్వర్టర్, బ్యాటరీ, సోలార్ డబ్బా మూడూ మొదటి అంతస్తులోనో, గోడకు నడుమెత్తు పైనో ఉండటం ఈ ఊళ్లో ఆర్థిక నిర్ణయమే.

గొలుసు, ఉమ్మడి కుండ

బ్యాటరీ ప్యాకులో 16 సెల్స్ వరసగా ఉంటే, అందులో బలహీనమైనది ఖాళీ కాగానే మొత్తం ప్యాకు ఆగుతుంది. మిగతా పదిహేనులో చార్జి ఉన్నా దక్కదు. గొలుసు బలమంతా బలహీనమైన కొక్కెంలోనే.

యాన్యుటీ సరిగ్గా దీనికి తలకిందులు. ఎవరు ఎన్నాళ్లు బతుకుతారో ఒక్కరి విషయంలో చెప్పలేం, వేలమందిని కలిపితే సగటు బాగానే తెలుస్తుంది. అందరూ ఒకే కుండలో డబ్బు పోస్తే, ముందుగా పోయినవారి సొమ్ము ఎక్కువకాలం బతికినవారిని పోషిస్తుంది. వారసులకు ఏమీ వదలాలని లేని మనిషికి సొమ్ము మొత్తం యాన్యుటీలో పెట్టడమే మేలని 1965లో మెనహెం యారి అనే ఆర్థికవేత్త గణితంతో చూపారు. అయినా జనం కొనరు. ఫ్రాంకో మోడిగ్లియానీ 1985 నోబెల్ ఉపన్యాసంలో ఈ చిక్కును ప్రస్తావించారు. మన దగ్గర కొన్నా "అసలు నామినీకి తిరిగి రావాలి" అనే రకాన్నే ఎంచుకుంటారు. అది ఎంచుకోగానే ఉమ్మడి కుండ లాభం దాదాపు పోయి, చేతికొచ్చేది మామూలు వడ్డీ దగ్గరకు దిగుతుంది. పిల్లలకు ఏదో ఒకటి మిగల్చాలన్న కోరికకు ఖరీదు అది. తప్పు కాదు, ధర తెలిసి కడితే చాలు.

డాబా మీది ప్యానెల్ ఈ కోరికను ఒక మేర తీరుస్తుంది. 62 ఏళ్ల కొనుగోలుదారు తర్వాత కూడా అది ఇంటితోపాటు కుటుంబానికే ఉంటుంది. కాకపోతే అపార్ట్‌మెంట్ డెవలప్‌మెంట్‌కు స్థలం ఇచ్చే ఆలోచన ఉన్న ఇళ్లలో ఇది వర్తించదు. ఆరేడేళ్లలో ఇల్లు పడగొట్టే ఉద్దేశం ఉంటే ఇరవై ఏళ్ల లెక్కను ఆరేడేళ్లకే ఆపి చూడాలి. 3 కిలోవాట్ల ఇంట్లో అప్పటికి పెట్టుబడి కాస్త లాభంతో తిరిగొచ్చి ఉంటుంది, 200 యూనిట్ల ఇంట్లో రెండో కిలోవాట్ సగం కూడా తీరి ఉండదు.

పన్నెండో ఏడు

ఈ లెక్కల్లో అందరూ మరిచిపోయే వరుస ఒకటుంది. ప్యానెల్ పాతికేళ్లు ఉన్నా ఇన్వర్టర్ ఉండదు. లోపల కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. 62లో పెట్టించిన మనిషికి అది మార్చాల్సి వచ్చేసరికి 74. ఆ వయసులో, వైద్యం ఖర్చుల మధ్య, 30,000 ఒక్కసారిగా తీయడం కుదరక సిస్టమ్‌ను ఆపేస్తే మిగిలిన ఎనిమిదేళ్ల ఆదా గాలికి పోతుంది. 8.2 శాతం చక్రవడ్డీ మీద పన్నెండేళ్లకు 30,000 కావాలంటే ఇవాళ పక్కన పెట్టాల్సింది 11,650 రూపాయలు. వడ్డీ మీద పన్ను పడితే మరికొంత. ప్యానెల్ బిగించిన రోజే ఆ మొత్తాన్ని వేరే డిపాజిట్ చేసి, రసీదును వారంటీ కాగితాలతో కలిపి ఒకే ఫైల్లో పెట్టడం, ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో రెండో మనిషికి కూడా చెప్పడం కొటేషన్‌లో ఏ వ్యాపారీ రాయని ఆఖరి ఐటం.